సింహాచలం మెట్లెక్కితే పిక్క పట్టేస్తుంది, మరి గుండె ఎందుకు పట్టేయదు?

గుండె కూడా కండే. పైగా నిమిషానికి 72 సార్ల లెక్కన రోజుకు లక్షకు పైగా కొట్టుకుంటుంది, అయినా పిక్కలాగా బిగుసుకుపోదు.

గుండె కండరం కణాలు పొట్టిగా, కొమ్మలు చీలి, ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుని ఉంటాయి. ఆ అతుకుల్లో సన్నటి దారులుంటాయి, కుడి కర్ణికలో (గుండె పైభాగంలోని కుడివైపు గదిలో) పుట్టిన విద్యుత్ సంకేతం వాటిగుండా కణం నుంచి కణానికి పాకుతుంది కాబట్టి కోట్ల కణాలు ఒక్కమాట మీద పనిచేస్తాయి. సంకేతం తగలగానే కణంలోకి కొంచెం కాల్షియం వస్తుంది, అది లోపల నిల్వ ఉన్న ఇంకా ఎక్కువ కాల్షియాన్ని వదిలిస్తుంది. అప్పుడు కణంలోని మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ పోగులను పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని లాగుతాయి, మన బీచ్‌లో జాలర్లు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ వల తాడు లాగుతారే, అచ్చం అలాగే. కాల్షియం వెనక్కి పోగానే పట్టు సడలుతుంది.

అసలు కిటుకు ఇదీ: ఒక సంకేతం అందుకున్నాక గుండె కణం సుమారు పావు సెకను పాటు ఇంకోదాన్ని తీసుకోదు, ఆలోపు ముడుచుకోవడం దాదాపు అయిపోతుంది. పిక్క కండరానికి ఈ విరామం ఒకటి రెండు మిల్లీసెకన్లే, అందుకే నరాల సంకేతాలు ఒకదానిమీద ఒకటి పడి బిగుసుకుపోతుంది. గుండె అలా బిగిస్తే రక్తం నిండడానికి చోటే ఉండదు.

మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టుంటే మాత్రం అది పిక్క పట్టేయడం లాంటిది కాదు, గుండె కండరానికే రక్తం చాలకపోవడం కావచ్చు. అక్కడే ఆగిపోండి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి.