మందు ముట్టని మనిషికి ప్యాంక్రియాటైటిస్ ఎలా వస్తుంది?

మీ బావగారికి తాగే అలవాటే లేదు, మరి ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు, ఎందుకొచ్చిందని అడిగారు. నేనూ మందు ముట్టను. నాకు రెండుసార్లు వచ్చింది.

మొదటిసారి ఒక పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి. బొడ్డుకు పైన మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోయింది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. వాంతులయ్యాయి, అయినా నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు. వెల్లకిలా పడుకోలేను. దిండు పొట్టకు అదుముకుని ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త ఊపిరాడేది. తెల్లారి హాస్పిటల్‌కి వెళ్తే గుండెపోటేమోనని ముందు ఈసీజీ తీశారు. తర్వాత రక్తపరీక్షలో లైపేజ్ (క్లోమంలో తయారయ్యే ఎంజైమ్) ఉండాల్సినదానికి పది రెట్లు ఉంది. ఇలాంటి నొప్పితో పాటు అది మూడు రెట్లు దాటినా ఈ జబ్బేనట. "రోజుకెంత తాగుతారు?" అని ముగ్గురు డాక్టర్లు అడిగారు. మా ఆవిడ కూడా నావైపు అదోలా చూసింది!

స్కానింగ్‌లో అసలు సంగతి తేలింది. పిత్తాశయంలో చిన్న చిన్న రాళ్లు. అలాంటి రాయి జారి పైత్యరసం, క్లోమరసం కలిసి పేగులోకి వెళ్లే దారికి అడ్డుపడితే, అన్నాన్ని అరిగించాల్సిన రసాలు క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి.

దీన్ని తగ్గించే మందంటూ ప్రత్యేకంగా లేదు. సెలైన్, నొప్పికి ఇంజెక్షన్లు, అంతే. యాంటీబయాటిక్ ఎందుకివ్వరని మా బావమరిది గొడవపడ్డాడు. ఇన్ఫెక్షన్ లేనప్పుడు దాంతో పనిలేదన్నారు. రోజుల తరబడి పస్తు ఉంచుతారనుకున్నాను, రెండోరోజు ఆకలేస్తోందంటే మెత్తటి ఇడ్లీ పెట్టారు.

ఐదోరోజుకు తేరుకున్నాను. ఇంటికెళ్లే లోపే పిత్తాశయం తీయించుకోమన్నారు. అమ్మాయి పరీక్షలయ్యాక చూద్దామన్నాను. ఆరు వారాలకే మళ్లీ వచ్చింది. ఈసారి క్లోమంలో కొంత భాగం చచ్చుబడి, చుట్టూ నీరు చేరి, ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉన్నాను. ఆ నీరు తగ్గేదాకా ఆపరేషన్ కూడా చేయలేకపోయారు. ఇప్పుడు షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను, అంతకుముందు నాకు షుగర్ లేదు.

కాబట్టి బావగారి స్కానింగ్ రిపోర్టులో రాళ్లున్నాయేమో చూడండి. మొదటిసారి కనబడకపోతే నొప్పి తగ్గాక మళ్లీ తీయమని అడగండి, పేగుల్లో గ్యాస్ ఉంటే సరిగ్గా కనబడదు. రాళ్లు లేవంటే ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఒక రకం కొవ్వు) పరీక్ష చేయించండి. అవి 1000 mg/dL దాటినా ఇది రావచ్చు. కాల్షియం కూడా చూస్తారు. ఆయన వాడే మందుల చీటీలన్నీ డాక్టర్‌కి చూపించండి. ఇంటికొచ్చాక జ్వరం, ఆయాసం, మళ్లీ నొప్పి, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకండి.