రెండూ వద్దంటే ఏం రాసుకుంటరు?

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ దిక్కు పల్లె. నాకు బీపీ, మా ఆయనకు షుగర్. పోయిన నెల ఇద్దరు పిల్లలు ట్యాబ్ పట్టుకొని వచ్చిన్రు. బొమ్మల కార్డులు చూపించి ‘ఎ కావాల్నా, బి కావాల్నా’ అని ఎనిమిది సార్లు అడిగిన్రు. ఎ అంటే గోలీలు ఇంటికే తెస్తరట, నెలకు 50 రూపాయలు, డాక్టర్ ఫోన్ల మాట్లాడతడట. బి అంటే పైసలు లేవు, డాక్టర్ ఎదురుంగ చూస్తడు, గని 6 కిలోమీటర్లు పోయి 2 గంటలు కూసోవాలె. నాకు పైసలు లేకుంట ఇంటికాడనే మంచి డాక్టర్ కావాలె. అది ఏ కార్డుల లేదు. ‘నీకేం కావాలమ్మా’ అని సీదా అడగకుంట ఈ తిరకాసు ఎందుకు? 50 రూపాయలకు సరే అన్న, రేపు వసూలు చేస్తరా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 50 సంగతి. వాళ్లు చేసింది సర్వే, అది ఎవరో ఖాయం చేసిన ధర కాదు. మీకే ఇంకో కార్డులో 20 అనో 100 అనో కనిపించి ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి. ధరను కావాలనే మారుస్తూ అడుగుతారు. మీ పేరు మీద ఏ బాకీ పడదు.

ఇక సీదాగా ఎందుకు అడగరంటే, అడిగి చూశాం కాబట్టి. నేను వైద్య విద్యార్థులను వెంటేసుకొని పాలమూరు పల్లెలు తిరిగిన రోజుల్లో పన్నెండు అంశాలతో ఒక ఫారం పట్టుకుపోయాం. ఏది ఎంత ముఖ్యమో ఐదుకు మార్కులు వేయాలి. దగ్గర ఉండాలా? ఐదు. మందులుండాలా? ఐదు. లేడీ డాక్టర్? ఐదు. ఊరంతా పన్నెండుకు పన్నెండూ ఐదే. ఆ కట్ట చాలా ఏళ్లు మా బీరువా మీద దుమ్ము పట్టింది. మీరు అడిగినట్టు అందరికీ అన్నీ కావాలి, నాక్కూడా. దేనికోసం దేన్ని వదులుకుంటారో తెలిస్తేనే లెక్క తేలుతుంది. కార్డులు ఆ బేరం ఆడించడానికే.

చిత్రమేమిటంటే ఈ విద్య దవాఖానలో పుట్టింది కాదు. దీని వెనకున్న లెక్కను గట్టిగా కట్టినవాడు డేనియల్ మెక్‌ఫాడెన్ అనే అమెరికా ఆర్థికవేత్త, 2000లో నోబెల్ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్త రైలు మొదలవక ముందే, జనం అప్పటికి కార్లనూ బస్సులనూ ఎలా ఎంచుకుంటున్నారో చూసి, రైలెక్కేది 6.3 శాతం అన్నాడు. నడిచాక చూస్తే 6.2. కాకపోతే ఆయన చూసింది జనం నిజంగా చేస్తున్న పనిని. మీకు చూపింది ఇంకా లేని సేవను. కార్డు మీద 50 ఇస్తానన్న చెయ్యి, నెలాఖరున గోలీల సంచి వచ్చినప్పుడు కొంగుముడి విప్పుతుందా అన్నది వేరే మాట. అందుకే ఈ సర్వే అంకెల్ని నేను సగమే నమ్ముతాను.

లెక్క ఎలా తీస్తారో చెప్తాను. ఊరికే ఉదాహరణకు, ఎదురుచూపు ఒక గంట తగ్గితే మీ ఇష్టం 6 పాళ్లు పెరిగిందనుకోండి, ఖర్చు 10 రూపాయలు పెరిగితే 2 పాళ్లు తగ్గిందనుకోండి. అంటే మీ గంట 30 రూపాయలు. ఒక్కరి జవాబులతో ఇది తేలదు, వందల మందివి కలపాలి. మరి ఎనిమిది కార్డులే ఎందుకు? దూరం మూడు రకాలు, ఎదురుచూపు మూడు, డాక్టర్ ఎదురుగానా ఫోన్‌లోనా రెండు, మందులు ఇంటికా సెంటర్‌లోనా రెండు, ధర నాలుగు అనుకుంటే 144 రకాల సేవలు పుడతాయి. జతలు కడితే పదివేలు దాటతాయి. ఎవరు కూర్చుంటారు? పనికొచ్చేవి కొన్ని ఏరి ఇంటింటికీ పంచుతారు. మధ్యలో ఒకటి అడిగిందే మళ్లీ అడిగితే వాళ్లు మర్చిపోయారనుకోకండి, మీరు నిలకడగా చెప్తున్నారా అని చూస్తారు.

అసలు తప్పంతా కార్డు మీద ఏం రాయాలన్న దగ్గరే జరుగుతుంది. ఒకసారి మేము ‘దూరం 5 కిలోమీటర్లు’ అని రాసుకొని వెళ్తే ఒకామె నవ్వింది. ‘‘కిలోమీటర్లు నాకెందుకమ్మా, పొద్దుగాల పోతే కైకిలికి అందుతనా లేదా అది చెప్పు’’ అంది. ఆ రాత్రే కిలోమీటర్లు కొట్టేసి ‘సగం రోజు కూలి పోతుంది’, ‘రోజంతా కూలి పోతుంది’ అని మార్చాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఇప్పుడైతే ఆ మాటకు మరీ బలం. ఛార్జీ పోయింది, కూలి నష్టం పోలేదు.

మా చిన్నమ్మది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లకు ‘నల్లగొండ పద్ధతి’ అని మన జిల్లా పేరుతోనే ప్రపంచమంతా తెలుసు: పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వంచుకోవడం. పని చేస్తుంది. చిన్నమ్మ నెలరోజులు చేసి బకెట్‌ను బర్రె కుడితికి పెట్టింది. ‘‘రుచి వేరే ఉంది, రోజూ గీ కలుపుడు ఎవరు చేస్తరు’’ అంది. రుచి, శ్రమ రెండూ కార్డు మీద ముందే ఉండి ఉంటే ఆమె జవాబు ఆ రోజే తెలిసేది.

మీరడగాల్సిన అసలు ప్రశ్న మీ ఉత్తరంలో దాగుంది: రెండూ వద్దంటే? మంచి కార్డులో మూడో గడి ఉంటుంది, ‘రెండూ వద్దు, ఇప్పుడున్నట్టే ఉంటాను’ అని. అది లేకపోతే మీతో బలవంతంగా ఒకటి ఎంపిక చేయించినట్టే, అప్పుడు కొత్త సేవ ఊరికంతా నచ్చిందని లెక్క తేలుతుంది. మీ కార్డుల్లో ఆ గడి లేకపోతే ఆ పిల్లల్నే నిలదీయండి. మధ్యలో ఆపేసే హక్కు కూడా మీకుంది.

ఇంకో సంగతి, మీ ఆయనను అడిగారా? పగలు పదకొండింటికి వస్తే దొరికేది ఇంటిపట్టున ఉన్నవాళ్లే. చేనుకు పోయినవాళ్లు, హైదరాబాద్‌కో ముంబైకో వలస పోయినవాళ్లు ఆ ట్యాబ్‌లోకి ఎక్కరు. మళ్లీ వస్తే పొద్దుగూకినంక రమ్మనండి, షుగర్ ఉన్న మనిషికే విడిగా కార్డులు చూపించమనండి. మీరు పక్కన కూర్చొని ఆయన బదులు జవాబు చెప్పకండి.