అమ్మిన పాత కంప్యూటర్ బాకీ రాలేదు, మూడేళ్లు ఎప్పటి నుంచి లెక్క?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఒక్కో పార్టూ కొని ఇంట్లోనే కంప్యూటర్ తయారు చేసుకున్నాడు. ఐ7 ఏడో జనరేషన్ ప్రాసెసర్, 2021లో ఎక్కువ రేటు పెట్టి కొన్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 27 అంగుళాల మానిటర్ కలిపి లక్షా నలభై వేల దాకా అయింది. ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్తూ దాన్ని హనుమకొండలో ఉండే మా ఆవిడ తరఫు చుట్టానికి, వరసకు మావాడికి అన్న, 48 వేలకు ఇచ్చాడు. వాట్సాప్‌లో ‘48కి ఫైనల్ అన్నా’ అని మావాడు రాస్తే అతను ‘ఓకే’ అన్నాడు. 2023 జూన్ 18న మా ఇంటికే వచ్చి కారులో తీసుకెళ్లాడు. ఆ రోజే ఫోన్‌పేలో 12 వేలు వేశాడు. మిగతాది దసరాకి ఇస్తానని నోటిమాటగా చెప్పాడు. 2024 సంక్రాంతికి 5 వేలు పంపి, ‘మిగతాది ఉగాదికి చూస్తా’ అని మెసేజ్ పెట్టాడు. అంతే, మళ్లీ రూపాయి రాలేదు.

ఇప్పుడు అడిగితే ‘రెండో నెలలోనే డిస్‌ప్లే పోయింది, 6 వేలు పెట్టి బాగుచేయించా. విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, 11 ఎక్కట్లేదు. ఇవాళ దానికి 15 వేలు కూడా రావు, కావాలంటే తీసుకెళ్లండి’ అంటున్నాడు. చిన్నప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకున్నవాడు. మా ఆవిడ తిండి మానేసి ఏడుస్తోంది. చీటింగ్ కేసు పెట్టవచ్చా? అందులో దూరం నుంచే దాన్ని నడిపే మావాడి రిమోట్ సాఫ్ట్‌వేర్ ఇంకా పనిచేస్తోందట, డబ్బు ఇచ్చేదాకా లాక్ చేసేస్తానంటున్నాడు. చివరిసారి డబ్బిచ్చిన రోజు నుంచి మూడేళ్లు టైముందని, తొందరేం లేదని మా మిత్రుడు చెప్పారు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది మీరు ఆఖరున రాసిన మాట. మీ మిత్రుడు చెప్పింది నమ్మి కూర్చుంటే 31 వేల బాకీకి కాలదోషం పట్టి, దావా చెల్లకుండా పోవచ్చు.

అమ్మి అప్పగించిన వస్తువు ధర రాబట్టుకోవడానికి, చెల్లింపుకు గడువు ఏదీ పెట్టుకోకపోతే, దావాల కాలపరిమితిని చెప్పే లిమిటేషన్ చట్టం (1963) ఆర్టికల్ 14 ప్రకారం వస్తువు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లు. ఫలానా రోజుకి ఇస్తానని గడువు పెట్టుకుంటే ఆర్టికల్ 15 కింద ఆ గడువు తీరిన రోజు నుంచి మూడేళ్లు. దసరా మాట రుజువైతే మీకు 2026 అక్టోబరు దాకా టైముంది. కానీ అది నోటిమాట. రేపు కోర్టులో అతను ‘అలా అనలేదు’ అంటే మీ దగ్గర కాగితం లేదు. అందుకని మీరు లెక్కలోకి తీసుకోవాల్సిన తేదీ 2026 జూన్ 18.

మరి సంక్రాంతికి ఇచ్చిన 5 వేల సంగతి? కొంత బాకీ చెల్లిస్తే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయన్నది సెక్షన్ 19లో ఉన్నమాట నిజమే. మీ మిత్రుడు విన్నది అక్కడిదాకానే. ఆ చెల్లింపు సంగతి చెల్లించినవాడి చేతిరాతలో గానీ, అతను సంతకం చేసిన కాగితంలో గానీ ఉండాలని అదే సెక్షన్ చెబుతోంది. ఫోన్‌పే ఎంట్రీకి సంతకం ఎక్కడుంది? వాట్సాప్ మెసేజ్ కూడా సంతకం చేసిన రాతే అని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం చూపించి వాదించవచ్చు. ఆ వాదన నెగ్గవచ్చు, నెగ్గకపోవచ్చు. చేతిలో ఇంకా టైము ఉన్నప్పుడు అలాంటి వాదన మీద కేసు ఆనించడం తెలివైన పని కాదు. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని కూడా చాలామంది అనుకుంటారు. ఆగదు. నోటీసు పంపి జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటబెట్టుకున్నవాళ్లు మా ఆఫీసుకు వస్తూనే ఉంటారు.

ఇక ధర. మీవాడు లక్షా నలభై వేలు పెట్టాడన్నది కోర్టుకు అక్కర్లేదు. ఇవాళ అది 15 వేలు కూడా పలకదన్న అతని మాటా అక్కర్లేదు. సరుకుల విక్రయ చట్టం (1930) సెక్షన్ 9 ప్రకారం ఇద్దరూ ఒప్పుకున్నదే ధర. ‘48కి ఫైనల్’, ‘ఓకే’ అన్న రెండు మెసేజ్‌లు మీ కేసుకు ప్రాణం. అవి పోతే, న్యాయమైన ధర ఎంతో కోర్టు తేల్చాల్సి వస్తుంది. అప్పుడు కూడా చూసేది 2023 జూన్ నాటి పరిస్థితినే. ఆ లెక్కలో మీకు నష్టమే జరగొచ్చు. 2021లో క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్లతో డిజిటల్ కరెన్సీ సంపాదించడం) వల్ల గ్రాఫిక్స్ కార్డులకు విపరీతమైన రేట్లు ఉండేవి. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక పాత కార్డులు గుట్టలుగా మార్కెట్‌లోకి వచ్చి రేట్లు పడిపోయాయి. అవతలి లాయరు ఈ సంగతి తప్పకుండా ఎత్తుతాడు. విండోస్ 10 సపోర్ట్ ఆగింది 2025 అక్టోబరు 14న, అంటే కంప్యూటర్ అతని ఇంటికి చేరిన రెండేళ్ల పైన. దానికి మీ బాధ్యత లేదు.

రిపేరు విషయం వేరు. మీవాడు కంప్యూటర్ల వ్యాపారి కాదు, ఇంట్లో వాడుకున్నది అమ్మాడు. సెక్షన్ 16 ప్రకారం అలాంటి అమ్మకంలో నాణ్యతకు చట్టం తనంతట తాను హామీ ఇవ్వదు, చూసుకుని కొనుక్కోవాల్సింది కొనేవాడే. అయితే మీరు జతచేసిన చాట్‌లో మీవాడు ‘ఏ ప్రాబ్లం రాదు అన్నా, నాదీ గ్యారంటీ’ అని రాశాడు. ఆ మాట ఎందుకు రాయాలి? పాత వస్తువు అమ్మేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చూపించి, ‘చూసుకుని తీసుకున్నాను’ అని ఒక ముక్క రాయించుకుంటే సరిపోయేది. ఇప్పుడు అతను ఆ మెసేజ్ చూపించి, 6 వేల బిల్లు పెట్టి, సెక్షన్ 59 కింద ఆ మేరకు ధర తగ్గించమని అడగగలడు. బిల్లు నిజమైనదైతే ఆ 6 వేలు వదులుకోవడానికి సిద్ధపడండి. మిగతా 25 వేలు ఎగ్గొట్టే హక్కు దానివల్ల అతనికి రాదు.

చీటింగ్ కేసు వద్దు. అమ్మకం జరిగింది కొత్త శిక్షాస్మృతి అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు కాబట్టి వర్తించేది పాత ఐపీసీ 420. కొనే రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని మీరు చూపించాలి. కొన్న రోజే 12 వేలు, దాదాపు ఏడు నెలలకు 5 వేలు ఇచ్చినవాడి మీద అది నిలబడటం కష్టం. నమ్మకద్రోహం సెక్షన్ కూడా పనికిరాదు. ఢిల్లీ రేస్ క్లబ్‌కు గుర్రాల దాణా సరఫరా చేసిన వ్యాపారి, డబ్బు రాలేదని క్రిమినల్ కేసు పెడితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అమ్మిన సరుకు కొన్నవాడి సొంతమైపోతుంది, అప్పగింతగా దాచమని ఇచ్చింది కాదు, బాకీ కోసం సివిల్ దావా వేసుకోవాలి అన్నది ఆ తీర్పు సారం. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే జూన్ 18 దాటిపోతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి ఆలోచన. ఇది గట్టిగా చెబుతున్నాను, ఈ జవాబు అతనికి ఇవాళే పంపండి: ఆ కంప్యూటర్ జోలికి వెళ్లొద్దు. డబ్బు పూర్తిగా రాకపోయినా అది ఇప్పుడు మీవాడిది కాదు. సిద్ధంగా ఉన్న వస్తువును షరతు లేకుండా అమ్మితే, డబ్బు తర్వాత ఇస్తానన్నా యాజమాన్యం మారిపోతుందని సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 20 చెబుతోంది. పరాయి కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా రిమోట్‌లో దూరడం, లాక్ చేయడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందకు వస్తుంది. దురుద్దేశంతో చేశాడని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘డబ్బిస్తే తెరుస్తా’ అని ఒక్క మెసేజ్ పెట్టినా చాలు, బాకీపడ్డవాడు ఫిర్యాదుదారుడవుతాడు, వీసా మీద ఉన్న మీ పిల్లాడు నిందితుడవుతాడు. మీరు మనుషుల్ని తీసుకెళ్లి కంప్యూటర్ ఎత్తుకొచ్చినా అంతే.

అసలు ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా అందులో ఎందుకుంది? అంటే హార్డ్ డిస్క్ తుడవకుండా, అకౌంట్ల నుంచి బయటికి రాకుండా ఇచ్చేశారన్నమాట. సర్టిఫికెట్లు, ఆధార్ స్కాన్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మూడేళ్లుగా వేరేవాళ్ల ఇంట్లో ఉన్నాయి. ఇంత అజాగ్రత్త పనికిరాదు. మీవాడు తన ఫోన్ నుంచి తన అకౌంట్లలోకి వెళ్లి పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, ‘అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్’ కొట్టాలి. అది తన అకౌంటే కాబట్టి తప్పులేదు.

సాక్ష్యం విషయంలో స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోవద్దు. బేరం జరిగిన ఫోన్ మీ అబ్బాయి దగ్గరే ఉంటే దాన్ని మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే వెంటనే తీసేసి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధృవపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీవాళ్లది, ఇంకో భాగం నిపుణుడిది, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు కోడ్) కూడా రాయాలి. ధృవపత్రం తప్పనిసరి అని పాత సాక్ష్య చట్టం కిందే 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 12 వేలు, 5 వేలు వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్‌ను బ్యాంకు ముద్రతో తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డు బిల్లు, సీరియల్ నంబరున్న అట్టపెట్టె ఇంట్లో ఉంటే పారేయకండి.

దావా మీ పేరున వేయకండి. బేరమాడింది, అమ్మింది మీ అబ్బాయి, కాబట్టి వాది అతనే. అతని తరఫున మీరు నడపడానికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అధికార పత్రం) కావాలి. అమెరికాలో భారత కాన్సులేట్‌లో ధృవీకరించి పంపించమనండి. ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అప్పగించిన రోజు మీరు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఆ సంగతికి మీరు స్వయంగా సాక్ష్యం చెప్పవచ్చు. బేరం ఎంతకు కుదిరిందో చెప్పాల్సింది మాత్రం మీవాడే. అప్పగింత మీ ఇంట్లో జరిగింది గనుక ఖమ్మం జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే దావా వేసుకోవచ్చు, హనుమకొండ తిరగక్కర్లేదు. వడ్డీ కూడా అడగండి.

దావాకు ముందు ఒక ప్రయత్నం చేయండి. చుట్టరికం ఇంకా మిగిలి ఉంది కాబట్టి చెబుతున్నాను. ఇద్దరికీ కావలసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, రిపేరు బిల్లు చూసి, 25 వేలకు ఒప్పించండి. మొత్తం ఒకేసారి ఇవ్వలేనంటే తేదీలు వేసిన చెక్కులు తీసుకోండి. అవి బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు పెట్టే దారి ఉంటుంది. దాంతోపాటు ‘2023 జూన్ 18న కొన్న కంప్యూటర్ తాలూకు ఇంత బాకీ ఉన్నాను’ అని తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేయించండి. గడువు తీరకముందే ఆ సంతకం పడితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. జూన్ 18 దాటాక చేసిన సంతకానికి ఆ ఫలితం రాదు. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నా మంచిదే. కోర్టు ఫీజు ఉండదు, అక్కడిచ్చే అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు.

ఈ మాటలన్నీ ఏప్రిల్ నెలాఖరుకు తేలాలి. మేలో కోర్టులకు వేసవి సెలవులు, జీపీఏ రావడానికి వారాలు పడుతుంది. ఏప్రిల్ ముగిసేసరికి సంతకం చేసిన కాగితం చేతికి రాకపోతే మళ్లీ మళ్లీ అడగడం ఆపి, దావా కాగితాలు మీ లాయరుకు ఇచ్చేయండి.