కాలు ఉబ్బినా పరీక్షలో ‘లేదు’ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు పదిహేనేళ్లుగా బోదకాలు. మొన్న బడిలో మా ఏడేళ్ల బాబుకు పగలే వేలి రక్తం తీసి, పది నిమిషాల్లో ఫైలేరియా లేదన్నారు. అలాంటి పరీక్ష పట్టీతోనే అమ్మకు చూసినా ‘లేదు’ అనే వచ్చింది. పూర్వం రాత్రిపూట తీసిన రక్తపరీక్షే నమ్మాలా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, వంశధార ఒడ్డు ఊళ్లలో రాత్రి తొమ్మిది దాటాక తలుపులు తట్టి, నిద్రపోతున్నవారిని లేపి రక్తం తీసిన ల్యాబ్ టెక్నీషియన్‌ని నేను. ఫైలేరియా పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు బయటి రక్తంలోకి వస్తాయి. అందుకే ఆ రాత్రి తిరుగుడు. నిద్రమత్తులో ఏడ్చే పిల్లల వేలికి సూది గుచ్చడం నాకు చివరిదాకా అలవాటు కాలేదు.

ఈ పట్టీ పిల్లపురుగును వెతకదు. ఒంట్లో కాపురమున్న పెద్దపురుగు రక్తంలోకి వదిలే యాంటిజెన్ అనే పదార్థాన్ని, పట్టీలోని యాంటీబాడీ (దానికి అతుక్కునే ప్రోటీన్) పట్టుకుంటుంది. ఆ యాంటిజెన్ రాత్రీ పగలూ ఉంటుంది. 75 మైక్రోలీటర్ల రక్తం చాలు. పురుగు ఉందని చెప్పే గీతను మాత్రం సరిగ్గా పది నిమిషాలకే చూడాలి. ఆలస్యమైతే లేని గీత తేలవచ్చు.

మీ అమ్మగారి ఒంట్లో పెద్దపురుగులు ఎప్పుడో చనిపోయి ఉంటాయి. అవి పాడుచేసిన శోషరస నాళాలు (ఒంట్లో చేరే నీటిని తిరిగి రక్తంలో కలిపేవి) బాగుపడలేదు. పరీక్షా నిజమే, వాపూ నిజమే. కాలు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి.

ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీనే వెతికే పరీక్ష మరొకటి ఉంది. దాన్ని రూపొందించడం కష్టం. పురుగు సారమంతా కలిపి వాడితే ఏలికపాములున్న పిల్లలకూ గీత రావచ్చు. అందుకే ఫైలేరియా పురుగులోని డబ్ల్యూబీ123 వంటి ఒక్క ప్రోటీన్‌ను ఎంచుకుని, దానికి ఎదురుగా పుట్టే ఐజీజీ4 రకం యాంటీబాడీని చూస్తారు. అయితే పురుగు చచ్చాక కూడా అది చాలాకాలం మిగులుతుంది. మీ అమ్మగారికి చేస్తే, ఎప్పుడో సోకిందని తప్ప ఏమీ తేలదు. అదే ఆరేళ్ల పిల్లల్లో కనిపిస్తే, ఇటీవలి ఏళ్లలోనూ దోమలు వ్యాధిని మోస్తున్నాయన్నమాట.

మీ బాబు ఫలితం నమ్మండి. కానీ కొత్తగా సోకితే యాంటిజెన్ కనిపించడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఫైలేరియా నివారణకు ఏటా ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను అన్నం తిన్నాక, ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగించండి. తర్వాత వేసుకుంటామని తీసుకుని గూట్లో పెట్టి మరచిపోయిన మాత్రలను నేను ఎన్నో ఇళ్లలో చూశాను.