వ్యానులో గీజరు జాయింటు విప్పబోయే ముందు

కావలి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

పాత టెంపో ట్రావెలర్‌ను ఇల్లులా మార్చుకుని పిల్లలతో భైరవకోన వెళ్ళబోతున్నావనీ, అందులో 15 లీటర్ల గీజరు దగ్గర నీళ్ళు కారుతుంటే నువ్వే బాగుచేసుకుంటానన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంగానే ఉంది నాయనా, కానీ ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.

బయటి కరెంటు తీగ ఊడదీయి, ఇన్వర్టరు, పంపు ఆపు. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ కనుక, కారే చోట మర అంచున తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. ముందు దాన్ని వెతుకు.

ఆ తర్వాత వెంటనే పానా పట్టుకోకు. మీ నాన్న ఎడమ ముంజేతి మీది మచ్చ టపాకాయ వల్ల వచ్చిందని నీకు చెప్పి ఉంటాడు. అది నా వల్ల వచ్చింది. నెల్లూరులో ఒక లాడ్జిలో గీజరు కారుతోందని పిలిస్తే, సెలవుల్లో నా వెంట వచ్చిన వాడిని కింద బకెట్ పట్టుకోమన్నాను. స్విచ్ ఆపాను కదా అనే ధీమాతో, యజమాని తొందరపెడుతున్నాడని, వేడినీళ్ళు బయటికొచ్చే నట్టును అర చుట్టు తిప్పానో లేదో, బుస్సుమని గొట్టం ఊడి, పొగలు కక్కే నీళ్ళు వాడి చేతి మీద పడ్డాయి. ఎవరో సిరా తెచ్చి పూశారు, నేను వద్దనలేదు. చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు పట్టాలన్న సంగతి అప్పుడు నాకు తెలియదు. ఇంటికి వెళ్ళాక మా అమ్మ అడిగితే, పదకొండేళ్ళ ఆ పిల్లవాడు నన్ను తిట్టనివ్వకుండా టపాకాయ అని చెప్పాడు, ఆ మాట ఈనాటికీ మార్చలేదు.

కరెంటు ఆగినా తొట్టిలో వేడీ ఒత్తిడీ ఆగవు. అందుకే వేడినీళ్ళ కుళాయి తిప్పి ఒత్తిడి పోనివ్వు, రాత్రంతా చల్లారనివ్వు, పిల్లలను వ్యాను దగ్గరికి రానివ్వకు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా నేను ఊరుకోను.

మెలికలు తిరిగే గొట్టం చివర రబ్బరు వాషరే నీటిని ఆపుతుంది, అక్కడ తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టి ప్రయోజనం లేదు. గట్టిపడిన వాషర్‌ను మార్చు. రెండు చివర్లా మర ఉండే పొట్టి ఇత్తడి గొట్టం, అదే నిపుల్, దాని మరకు మాత్రం పాత టేపు గీకేసి, బిగించే దిశలోనే కొత్తది చుట్టు. తొట్టి వైపు ముక్క తిరగకుండా రెండో పానాతో పట్టుకుని, చేతితో బిగిసినంత బిగించాక కొద్దిగా మాత్రమే తిప్పు. బలమంతా పెడితే మర పగులుతుంది. బండి అదురుకు జాయింట్లు వదులవుతాయి కనుక గొట్టాన్ని లాగిపెట్టకుండా కాస్త వంపు ఉంచి, గోడకు క్లాంపు వేయి.

కుళాయిలో గాలి చిమ్మడం ఆగి ధార నిలకడగా వచ్చేదాకా పంపు నడుపు. నీళ్ళు నిండకుండా కరెంటు ఇస్తే కాయిల్ మాడిపోతుంది. జాయింటు కింద పొడి కాగితం పరిచి, గీజరు వేయకుండానే హైవే మీద మా ఇంటిదాకా నడుపుకురా. కాగితం తడిసిందో లేదో ఇద్దరం కలిసి చూశాకే స్విచ్ వేద్దాం. నాన్నను కూడా తీసుకురా.

పెదనాన్న