టెక్ సందేహాలు: పదేళ్లు దాటిన నావిక్ ఉపగ్రహాన్ని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా లారీలకు జీపీఎస్‌తో పాటు మన దేశపు సొంత స్థాన నిర్ధారణ వ్యవస్థ నావిక్‌ను కూడా అందుకునే ట్రాకర్లు బిగించాం. నావిక్ ఉపగ్రహాల ఆయుష్షు పదేళ్లేనని, మొదటివి 2013, 2014లలోనే పంపారని చదివాను. అంటే అవి ఇప్పటికే ఆగిపోయి ఉండాలి కదా? అసలు ఉపగ్రహం ఎన్నేళ్లు పనిచేస్తుందో ముందుగా ఎలా లెక్కగడతారు? ట్రాకర్లు మార్చాలా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ట్రాకర్లు మార్చనక్కర్లేదు. మీవి జీపీఎస్‌ను కూడా అందుకుంటాయి కాబట్టి నావిక్ బలహీనపడినా లారీ ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది. మీరడిగిన లెక్క సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి.

నావిక్ ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడ గాలి రాపిడి లేదు కనుక అవి కిందికి జారిపోవు. వాటి ఆయుష్షును తేల్చేవి కక్ష్యను సరిదిద్దే ఇంధనం, ఏటేటా శక్తి తగ్గే సౌరఫలకాలు, బ్యాటరీలు, అన్నిటికన్నా ముఖ్యంగా, స్థానం లెక్కగట్టే సంకేతాలకు కచ్చితమైన సమయం అందించే అణు గడియారాలు. పదేళ్లు పనిచేసే అవకాశం తగినంత ఎక్కువగా ఉండేలా వీటన్నిటినీ సమకూర్చామని తయారీదారు ఇచ్చే హామీనే మనం ‘పదేళ్ల ఆయుష్షు’ అంటున్నాం. పుట్టిన బిడ్డకు చెప్పే సగటు ఆయుర్దాయం, డెబ్బై ఏళ్లు ఆరోగ్యంగా గడిపిన మనిషి ఇంకా ఎన్నేళ్లు ఉంటాడన్న అంచనా వేరువేరు కదా. పదేళ్లు నిలిచిన ఉపగ్రహానికి కూడా లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

అమెరికా జీపీఎస్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఏడున్నరేళ్ల కోసం తయారైన రెండో తరం ఉపగ్రహాల్లో ఒకటి 1993లో కక్ష్యకు చేరి 2019 దాకా, అంటే 26 ఏళ్లు, కొనసాగింది. ఈ ఓర్పును ముందుగా పట్టుకోవడం నిపుణులకూ కష్టమే. ప్రతి ఉపగ్రహానికీ అకస్మాత్తుగా పాడయ్యే అవకాశాన్ని, అరిగిపోయి ఆగే అవకాశాన్ని కలిపి ఒక విశ్వసనీయత రేఖ గీస్తారు. దానికి కొత్త ప్రయోగాల తేదీలు జోడించి, కంప్యూటర్లో వేలసార్లు నడిపించి, జీపీఎస్‌కు కనీసం ఉండాల్సిన 24 ఉపగ్రహాలు ఎన్నిసార్లు మిగిలాయో లెక్కిస్తారు. ఇలాంటి లెక్కతోనే 2009లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం, 24 ఉపగ్రహాలు నిలిచే అవకాశం 2010 నుంచి 95 శాతం కన్నా తగ్గవచ్చనీ, ఒక దశలో 80 శాతానికి పడిపోవచ్చనీ హెచ్చరించింది. ఆ గండం రాలేదు. పాత ఉపగ్రహాలు అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం నిలిచాయి. అయినా ఆ హెచ్చరిక వృథా అని నేననను. కొత్తవి ఆలస్యమైతే ఏమవుతుందో ముందే చెప్పడమే ఇలాంటి లెక్క చేయాల్సిన పని.

లెక్క తప్పేది ఎక్కువగా గడియారాల దగ్గరే. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన నావిక్ తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎ లో మూడు రుబీడియం అణు గడియారాలున్నాయి. ఒకటి చెడితే మరొకటి ఆదుకోవాలన్నది ఉద్దేశం. ఒక్కో గడియారం చెడే అవకాశం పదిలో ఒకటి అనుకుంటే, మూడూ చెడే అవకాశం వెయ్యిలో ఒకటే. కానీ ఒకదాని వైఫల్యానికి మరొకదానితో సంబంధం లేనప్పుడే ఆ గుణకారం చెల్లుతుంది. మూడూ ఒకే రకం అయినప్పుడు తయారీలో ఒక్క లోపముంటే అది మూడింటినీ పట్టుకోగలదు. 1ఎ లోని మూడు గడియారాలూ 2016లోనే, మూడేళ్లకే, మొరాయించాయి. ఐరోపా గెలీలియో వ్యవస్థలోనూ 18 ఉపగ్రహాల మీదున్న 72 గడియారాల్లో 9 ఆగిపోయాయని 2017 జనవరిలో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రకటించింది. మరోవైపు, 1ఎ తర్వాత తొమ్మిది నెలలకు, 2014 ఏప్రిల్‌లో వెళ్లిన 1బి మాత్రం పదకొండేళ్లు దాటినా పనిచేస్తూ వచ్చింది. ఒకే నమూనా, ఒకే రకం గడియారాలు. ఒకదానికి మూడేళ్లు, ఇంకొకదానికి పదకొండు. ఇలాంటివి ఏడెనిమిది మాత్రమే ఉన్న సమూహానికి సగటు ఆయుష్షు చెబితే దానికి పెద్ద విలువ లేదు.

అందుకే నావిక్ విషయంలో అసలు ఆందోళన వయసు గురించి కాదు, సంఖ్య గురించి. పరికరం తన అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతో పాటు తన సొంత గడియారంలోని తేడాను కూడా కనుక్కోవాలి కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఏడింటితో నడవాల్సిన ఈ వ్యవస్థలో స్థాన సమాచారం ఇస్తున్నవి నాలుగేనని 2025 జూలైలో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 2025 జనవరి 29న శ్రీహరికోట వందో ప్రయోగంగా వెళ్లిన కొత్త తరం నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02, ఇంజనుకు ఆక్సిడైజర్ (ఇంధనాన్ని మండించే పదార్థం) అందించే వాల్వులు తెరుచుకోక, చేరాల్సిన కక్ష్యకు చేరలేకపోయింది. ఇంత తక్కువ మిగులుతో నడిచేటప్పుడు ఏ ఉపగ్రహంలో ఎన్ని గడియారాలు మిగిలాయో క్రమం తప్పకుండా బహిరంగపరచాలని నేను గట్టిగా కోరుతున్నాను. మీలా దీనిపై డబ్బు పెట్టినవారికి ఆ సమాచారం అందాలి.

స్వదేశీ రుబీడియం గడియారంతో 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి మొదలైన కొత్త తరానికి 12 ఏళ్ల ఆయుష్షు నిర్ణయించారు. ఇవి పాత ఎల్5, ఎస్ అనే రేడియో పౌనఃపున్యాల సంకేతాలతో పాటు ఎల్1 కూడా పంపుతాయి. మీరు తర్వాత ట్రాకర్లు కొనేటప్పుడు అది నావిక్ ఎల్1 ను అందుకుంటుందో లేదో దుకాణదారుడి మాట మీద వదిలేయకుండా, పరికరం వివరాల పత్రంలో రాసి ఉందో లేదో చూసుకోండి.