ఆ పంది ముఖం తీసెయ్యి

అమ్మలూ,

నువ్వు పంపిన లైనోకట్ (లైనో షీటు మీద చెక్కి, రంగు పూసి తీసే అచ్చుబొమ్మ) ఫోటో చూశాను. ఎగ్జిబిషన్ మొదలైన రోజున అందరూ బొమ్మలకు వీపు తిప్పి సమోసాల బల్ల చుట్టూ మూగడం చాలా బాగుంది. మూలన నిలబడ్డ విమర్శకుడికి పెట్టిన పంది ముఖం మాత్రం తీసెయ్యి.

ఆ తప్పు నేనూ చేశాను. మొదట్లో ఒక గ్యాలరీ యజమాని మీద కోపంతో, ఆయన కుంటుతూ నడిచే తీరును ఎచింగ్‌లో, అంటే లోహపు పలక మీద గీసి యాసిడ్‌తో తినిపించి తీసే అచ్చుబొమ్మలో, పెట్టాను. చూసినవాళ్లు నవ్వారు. కానీ కొత్త పిల్లల దగ్గర ఆయన సగం ధరకు బొమ్మలు కొనడం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను చెప్పాలనుకున్నదే అది. ఆ జింకు ప్లేటు ఇప్పటికీ నా దగ్గరుంది, చూస్తే సిగ్గేస్తుంది.

ఇంగ్లండు చిత్రకారుడు విలియం హోగార్త్ 1761లో వేసిన ప్రింటు ఒకటుంది, వెతికి చూడు. కాలపురుషుడు కూర్చుని ఒక బొమ్మ మీదకు పైపు పొగ ఊదుతుంటాడు. పక్కన వార్నిష్ జాడీ. ఆయన కొడవలి కాన్వాసును చీల్చేసింది. నల్లబడిన పాత బొమ్మే గొప్పదని ఎగబడి కొనేవాళ్లకు తగిలిన దెబ్బ అది. కొనేవాడి ముఖం అందులో ఎక్కడా ఉండదు.

ఫలానా మనిషి అని చూపించి కొట్టకూడదా అంటావేమో. చేసిన పని అందరికీ తెలిసినదైతే కొట్టొచ్చు. 1797లో లండన్ రాయల్ అకాడమీ చిత్రకారులు కొందరు, పాతకాలపు ఇటలీ చిత్రకారుడు టిషియన్ రంగుల రహస్యం మా దగ్గరుందన్న ఒక తండ్రీకూతుళ్ల మాట నమ్మి డబ్బిచ్చి కొన్నారు. అంతా ఉత్తదే. వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే అదే ఏడాది వాళ్లను ప్రింటులోకి ఎక్కించాడు.

నాకు అందరికంటే ఇష్టం ఫ్రెంచి వ్యంగ్య చిత్రకారుడు దోమియే. సుమారు 4,000 లితోగ్రాఫులు (రాతి పలక మీద గీసి తీసే అచ్చుబొమ్మలు) వేశాడు. రాజును వెక్కిరించి 1832లో జైలుకూ వెళ్లాడు. 1864లో పారిస్ సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శన మీద వేసినదాంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఈ ఏడూ వీనస్ దేవత బొమ్మలేనా అని విసుక్కుంటారు. బొమ్మలు చూడడానికి వచ్చిన మామూలు మనుషుల నోట ఆ మాట పలికించాడు చూడు, అది నేర్చుకో.

ఇక చేతిపని. బ్యానర్ మీద అక్షరాలు తిరగబడ్డాయి. లైనో మీద వాటిని తిప్పి రాసి, చెక్కే ముందు అద్దంలో చూసుకో. జనంలో ప్రతి మనిషి చుట్టూ గీత చెక్కావు, అందుకే ఆ చోటంతా బూడిదగా కనిపిస్తోంది. జనాన్ని ఒకే నల్లటి ముద్దగా వదిలి, సమోసా ప్లేట్లు మాత్రం తెల్లగా తియ్యి. ఈ ముక్కలో అది కుదరదు, చెక్కింది తిరిగి రాదు కదా. కొత్తది తీసుకో. గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెట్టు. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి.

కాపీలు ధారాళంగా తియ్యి, నీ తోటి విద్యార్థి కొనగలిగే ధర పెట్టు. ఐదు కాపీలకే ఆపి ఖరీదు పెంచితే, నువ్వు ఎవరిని తప్పుపడుతున్నావో వాళ్ల గోడ మీదకే అది చేరుతుంది.

ఆ విమర్శకుడికి మామూలు ముఖమే పెట్టి, చేతికి ఒక సమోసా ప్లేటు ఇవ్వు. చంకలో అప్పటికే నిండిపోయిన నోటుబుక్కు పెట్టు. ప్రూఫ్ (మొదటి నమూనా అచ్చు) తీశాక మడవకుండా గొట్టంలో చుట్టి పంపు.

మీ అత్తయ్య